ఎకరాలో 28 ప్లాట్లు వస్తాయా?

ప్రశ్న: మాది గాజువాక. రెండేళ్లలో రిటైరవుతున్నాను. ఆనందపురం మండలంలో నాన్నగారి ఎకరా పొలం నాకూ తమ్ముడికీ వచ్చింది. 150 గజాల చొప్పున 28 ప్లాట్లు వేసి, 20 అడుగుల మట్టి రోడ్డు తీసి, గజం 12 వేలకు అమ్మితే 5 కోట్లు వస్తాయని మధ్యవర్తి అంటున్నాడు. పంచాయతీ సెక్రటరీ సంతకం చాలట. చదును చేయడానికి, రాళ్లు పాతడానికి నా పీఎఫ్ నుంచి 15 లక్షలు పెట్టమంటున్నాడు. పెట్టవచ్చా?

జవాబు: పీఎఫ్ జోలికి వెళ్లకండి. మీ మధ్యవర్తి గుణకారం సరిగానే చేశాడు, గజాల దగ్గరే తేడా కొట్టింది.

ఎకరా అంటే 4,840 గజాలు. ఆనందపురం వీఎంఆర్‌డీఏ (విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంది కాబట్టి లేఅవుట్‌కు అనుమతి అక్కడే తీసుకోవాలి. సెక్రటరీ గారి సంతకంతో అయ్యే పని కాదు. ముందు పార్కుకు 10 శాతం, అంటే 484 గజాలు వదలాలి. తర్వాత రోడ్డు. పొలం చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 209 అడుగులు. మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి 40 అడుగుల రోడ్డు ఒక్కటి వేస్తేనే దాదాపు 930 గజాలు పోతాయి. 30 అడుగులతో సరిపెట్టినా 700 గజాలు. 40 అడుగుల లెక్కన మీకు మిగిలేది 3,430 గజాలు, అంటే 22 ప్లాట్లు. పొలం వంకరగా ఉంటే అన్నీ రావు. మన వైపు తిన్నటి గట్లున్న పొలం ఎక్కడ చూశాం కనుక! పైగా రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు వీఎంఆర్‌డీఏకు తనఖాలో ఉంటాయి. మూడు నాలుగు ప్లాట్ల డబ్బు వెంటనే చేతికి రాదన్నమాట.

ఇవేమీ లేకుండా పొలంగానే సెంట్ల లెక్కన రాయించేద్దాం అనవచ్చు. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, లేని స్థలానికి బ్యాంకు లోన్ దొరకదు, ఇంటి ప్లాన్‌కూ తిప్పలే. అలాంటి దానికి గజం 12 వేలు ఎవరిస్తారు? 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన వెంచర్‌ను రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. జరిమానా ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా ఉంటుంది. అది పడేది మీ అన్నదమ్ముల మీద. మధ్యవర్తి కమిషన్ తీసుకుని ఎప్పుడో పక్కకు తప్పుకుంటాడు.

పన్ను సంగతి ఆయన ఎత్తనే లేదు. నగర హద్దుకు 8 కిలోమీటర్ల లోపలున్న పొలానికి ‘పల్లె పొలం’ మినహాయింపు రాదు. మీది ఆ లోపలే ఉండొచ్చు, కొలిపించండి. పొలాన్ని పొలంగా అమ్మితే దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతంతో పోతుంది. మీరే ప్లాట్లు వేసి అమ్మితే, ప్లాట్ల వల్ల పెరిగిన లాభం వ్యాపార ఆదాయం కిందికి వచ్చి 30 శాతం స్లాబులో పడవచ్చు.

నేనైతే ముందు తమ్ముడితో పార్టిషన్ డీడ్ రిజిస్టర్ చేయించి, సర్వేలో ఎవరి వాటా వాళ్లకు సబ్‌డివిజన్ చేయిస్తాను. ఇది కుటుంబంలో పంపకం మాత్రమే, లేఅవుట్ అనుమతి కాదు. ఎకరా మీద సొంతంగా వెంచర్ వేయడం నాకు నచ్చదు, పార్కూ రోడ్డూ తినేస్తాయి. గట్టు పక్క రైతులు కలిసొస్తే మూడు నాలుగెకరాలు చేసి, ఖర్చంతా పెట్టుకునే డెవలపర్‌కు రిజిస్టర్డ్ ఒప్పందంతో ఇవ్వండి, మీ వాటా ప్లాట్ల రూపంలో తీసుకోండి. మీ ప్లాట్ల నంబర్లు ఒప్పందంలోనే రాయించాలి. అమ్ముకునే అధికారం ఇచ్చే జీపీఏ మాత్రం ఎల్పీ నంబరు వచ్చేదాకా ఇవ్వొద్దు.

ఎవరూ కలిసిరాకపోతే పొలంగానే అమ్మేయండి. అమ్మే ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 ఏప్రిల్ 1 నాటి విలువకు ధ్రువపత్రం తీసుకోండి. నాన్నగారు అంతకుముందే కొని ఉంటే, పన్ను లెక్కలో కొన్న ధరకు బదులు ఆ విలువ చూపించుకోవచ్చు.