పాస్‌పోర్టులోని ‘లెట్’ అచ్చుతప్పు కాదు

భారత పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట అచ్చయ్యే అభ్యర్థనలో ‘వితౌట్ లెట్ ఆర్ హిండరెన్స్’ అన్న మాటలు చూసి, ‘లెట్ అంటే అనుమతించడం కదా, అనుమతి లేకుండా వెళ్లనివ్వమని కోరడమేమిటి, ఇది అచ్చుతప్పా?’ అని మీరు అడిగారు. అచ్చుతప్పు కాదు. అది మనకు తెలిసిన ‘లెట్’ కానే కాదు. ‘అడ్డగించు’ అనే అర్థంలో ఒకప్పుడు బాగా చెలామణి అయి, తరువాత మరుగున పడిన వేరొక క్రియ తాలూకు నామవాచకం. అక్కడే హిందీలో ‘బినా రోక్-టోక్’ అని ఉంటుంది చూడండి, సందేహం తీరిపోతుంది.

ఈ తేడా నేను తప్పు చేసి నేర్చుకున్నాను. దస్తావేజులను తెలుగులోకి అనువదించే పనిలో చేరిన కొత్తలో ఒక దుకాణం లీజు పత్రం నా చేతికి వచ్చింది. మొదటి పేరాలో యజమాని ఆ దుకాణాన్ని ‘లెట్’ చేస్తున్నాడని, అంటే అద్దెకిస్తున్నాడని ఉంది. నాలుగో పేజీలో, అద్దె సక్రమంగా చెల్లించినంత కాలం అద్దెదారు ఎటువంటి ‘లెట్’ లేకుండా దుకాణాన్ని అనుభవించవచ్చునని ఉంది. మొదటి పేరా ఊపులో రెండోచోట కూడా ‘యజమాని మరొకరికి అద్దెకివ్వకుండా’ అని రాసేశాను. అదీ సబబుగానే ధ్వనించడంతో నాకు అనుమానమే రాలేదు. సరిచూసిన పెద్దాయన ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఎట్టి ఆటంకము లేకుండా’ అని రాసి, ‘ఒకే కాగితంలో ఒకే మాట రెండు వేషాలు వేసిందయ్యా’ అన్నారు.

పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. అడ్డగించే క్రియ ‘లెట్టన్’. నెమ్మదిని, ఆలస్యాన్ని తెలిపే విశేషణం నుంచి అది పుట్టింది. ఆ విశేషణమే నేటి ‘లేట్’. కాబట్టి దాని అసలు అర్థం ఆలస్యం చేయించడం, ఆ పిమ్మట అడ్డుపడటం. రెండో క్రియలోని మొదటి అచ్చు దీర్ఘం. విడిచిపెట్టు, ఉండనిచ్చు అని దాని అర్థాలు. అద్దెకిచ్చు అనే అర్థమూ దానికి ఆనాడే ఉంది, మన వీధుల్లో గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డు ఆ సంతతిదే. మధ్య ఇంగ్లీషు కాలంలోనూ ఒకటి ‘లేటెన్’, మరొకటి ‘లెట్టెన్’. దీర్ఘానికీ ద్విత్వానికీ అలవాటుపడిన తెలుగు చెవి ఈ తేడాను ఇట్టే పట్టేస్తుంది. అయితే కాలక్రమంలో చివరి అక్షరాలు రాలిపోయి, దీర్ఘం హ్రస్వమై, రెండూ ఒక్క ‘లెట్’గా మిగిలాయి. ఇంకా వెనక్కి వెళితే రెండింటికీ సడలడం అనే ఒకే ధాతువు మూలమని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు, అంటే ఇవి దాయాదులే.

1600 ప్రాంతపు హామ్లెట్ నాటకంలో, తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న యువరాజును స్నేహితులు పట్టుకుని ఆపుతారు. అప్పుడతను, నన్ను ‘లెట్’ చేసేవాణ్ణి ప్రేతంగా మార్చేస్తానని హుంకరిస్తాడు. ఇక్కడ నేటి అర్థం తీసుకుంటే దృశ్యమంతా తలకిందులవుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో, ‘హీ హూ నౌ లెటెత్ విల్ లెట్’ అని ఉంది. తెలుగు బైబిలులో అక్కడ ‘అడ్డగించు’ అనే క్రియే కనిపిస్తుంది. 1881లో ఇంగ్లీషు కొత్త నిబంధనను సవరించినవారు ఆ మాటను తీసివేసి, నిరోధించడాన్ని తెలిపే ‘రిస్ట్రెయిన్’ను పెట్టారు.

ఒకే మాటకు ఎదురెదురు పనులు ఉండటం మనకు కొత్తేమీ కాదు. పెద్దలు ‘ఊఁ, కానీ’ అంటే పని మొదలుపెడతాం. ‘మంచిదే, కానీ’ అంటే చేతులు ముడుచుకుంటాం. వాక్యంలో వాటి స్థానాలు వేరు కాబట్టి చిక్కు రాదు. ఇంగ్లీషు ‘లెట్’లకు ఆ వెసులుబాటు లేదు, రెండూ క్రియలే, రెండింటికీ మనిషే కర్మ. అందుకే ఒకటి తప్పుకోవలసి వచ్చిందని, దాని పనిని ‘హిండర్’, ‘స్టాప్’ వంటివి అందుకున్నాయని నా అభిప్రాయం. నామవాచకం మాత్రం జంటపదాలను వదలని న్యాయభాషలో తలదాచుకుంది. ‘లెట్ ఆర్ హిండరెన్స్’కు మన ‘అడ్డూ ఆపూ’ చక్కగా సరిపోతుంది, కాకపోతే దస్తావేజులో అది కాస్త వీధి మాటలా వినిపిస్తుంది.

దానికి మిగిలిన మరో చోటు టెన్నిస్ కోర్టు. సర్వీసులో బంతి నెట్‌ను తాకి, పడవలసిన గడిలోనే పడితే అంపైరు ‘లెట్’ అని ప్రకటించి సర్వీసు మళ్లీ చేయిస్తాడు. ‘మళ్లీ ఆడనివ్వండి’ అనడానికి అది సంక్షిప్త రూపమని నేను చాలాకాలం అనుకున్నాను. అడ్డు తగిలిందని చెప్పడమే ఆ మాట.