కరోనాలో కెనడా ఇచ్చిన రెండు వేల డాలర్లు: ఒక మృదంగం వాయించేవాడి అనుభవం

"కరోనా రోజుల్లో కెనడా ప్రభుత్వం కళాకారులకు నెలకు రెండు వేల డాలర్లు ఇచ్చిందట, నిజమేనా? మన దగ్గర అలా కుదరదా?" అని అడిగారు. నిజమే. తీసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే అది కళాకారులకని విడిగా ఇచ్చింది కాదండీ, కరోనా వల్ల పని పోయినవాళ్లందరికీ ఇచ్చారు. నాకు అందింది కూడా అందుకేనని నేననుకుంటాను.

నేను టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాను. కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలకు మృదంగం వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను. ఇక్కడ రంగప్రవేశాలు, అంటే నాట్యం నేర్చుకున్న పిల్లలు తొలిసారి వేదికెక్కి చేసే పూర్తి ప్రదర్శనలు, ఎక్కువగా వేసవి సెలవుల్లోనే. 2020 మార్చిలో ఒంటారియోలో ఎమర్జెన్సీ పెట్టాక, ఆ వేసవికి ఒప్పుకున్న తొమ్మిదీ వరసగా రద్దయ్యాయి. మార్చి 25 శార్వరి ఉగాది. ఇండియాలో లాక్‌డౌన్ మొదలైంది ఆ రోజే, ఇక్కడ సెర్బ్ అనే ఈ సాయం ప్రకటించిందీ ఆ రోజే. పచ్చడి గిన్నె ముందు పెట్టుకుని నేనూ మా ఆవిడా టీవీ వార్తలు చూస్తూ కూర్చున్నాం.

ఉద్యోగం పోతే వచ్చే బీమా నాలాంటి సొంతపని వాళ్లకు మామూలుగా రాదు. సెర్బ్‌లో ఆ తేడా చూడలేదు. 2019లో గానీ, దరఖాస్తుకు ముందు 12 నెలల్లో గానీ కనీసం 5,000 డాలర్లు సంపాదించి ఉండాలి, కరోనా వల్ల పని ఆగి ఉండాలి. అంతే. ఎన్ని కచేరీలు చేశావు, బిరుదులేమున్నాయి, ఎవరి శిష్యుడివి అని ఎవరూ అడగలేదు. ఏప్రిల్ 6 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. నాలుగు వారాలకు 2,000 డాలర్లు, నేరుగా బ్యాంకు ఖాతాలోకి. మొదట 16 వారాలన్నారు, తర్వాత పెంచుతూ 28 దాకా తీసుకెళ్లారు.

ఆ మొదటి వారాల్లో నాకు పెద్ద టెన్షన్ ఆన్‌లైన్ క్లాసులు. పిల్లల తల్లిదండ్రులు "మానకండి మాస్టారూ, ఫీజు పంపిస్తాం" అంటున్నారు. తీసుకుంటే సాయం పోతుందేమోనని భయం. ఏప్రిల్ మధ్యలో ఆ నాలుగు వారాల్లో 1,000 డాలర్ల దాకా సంపాదించుకోవచ్చని నిబంధన మార్చారు. నా దృష్టిలో మొత్తం పథకంలో అన్నిటికంటే మంచి మార్పు అదే. చేయి ఆడుతూ ఉంటేనే వాద్యం నిలుస్తుంది, పిల్లలకు పాఠం ఆగిపోతే మళ్లీ మొదటికొస్తారు. అంతకుముందు చేసిన పనికి వచ్చే రాయల్టీలను కూడా అడ్డంకిగా చూడలేదు.

ఇబ్బందులు లేకపోలేదు. డబ్బు ఇచ్చేటప్పుడు పన్ను పట్టుకోలేదు, మరుసటి ఏడాది కట్టాల్సి వచ్చింది. నేను ప్రతిసారీ కొంత పక్కన పెట్టాను కాబట్టి గట్టెక్కాను. అంతకంటే పెద్ద చిక్కు ఆ 5,000 లెక్క. అది చేతికొచ్చిన మొత్తమా, ఖర్చులు పోగా మిగిలిందా? మృదంగానికి మూతలు వేయించడం, పెట్రోలు, హాలు అద్దె తీసేస్తే చాలామందికి 5,000 మిగలదు. 2020 చివర్లో సుమారు 4,41,000 మందికి ఆదాయం రుజువు చేయమని ఉత్తరాలు వెళ్లాయి. వయొలిన్ వాయించే నా స్నేహితుడికీ ఒకటి వచ్చింది, రెండు నెలలు నిద్ర లేదు. మిగతా అర్హతలుంటే, ఖర్చులు తీయకముందు లెక్క చూసుకున్నవాళ్లు తిరిగి కట్టక్కర్లేదని 2021 ఫిబ్రవరిలో చెప్పారు.

మన దగ్గర కుదురుతుందా అంటే, డబ్బు సంగతి కంటే ముందు నాకు మా పెదనాన్న గుర్తొస్తారు. తెనాలి దగ్గర పెళ్లిళ్లకు డోలు వాయిస్తారు. 2020, 2021 రెండు వేసవి సీజన్లూ ఆయనకు దెబ్బతిన్నాయి. నేను పంపగలిగింది పంపాను. నాకు ఆదాయం చూపించడానికి పన్ను కాగితాలున్నాయి. ఆయనకు సంభావన తాంబూలంలో పెట్టి ఇస్తారు, రసీదు ఎవరు రాస్తారు? ఊళ్లో పెళ్లి చేసినవాళ్లు, గుడి పూజారి, మేళంలో తోటివాళ్లు చెప్పిన మాటనే రుజువుగా తీసుకునే పద్ధతి ఏదైనా ఉంటే తప్ప ఆయన దాకా ఏ సాయమూ రాదు. ఆయన దగ్గరున్నది ఒక డైరీ. అందులో ముహూర్తాలు, ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఎంత ఇచ్చారో ఎక్కడా రాసుకోలేదు.