ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీకి ఇవ్వాలా? స్కాన్ చేసి ఎక్కడ దాచుకోవాలి?

విజయవాడ సింగ్ నగర్ నుంచి ఒక తల్లి రాశారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలో ఉన్న బాబు పదో తరగతి, ఇంటర్ మెమోలు పాడైపోతే తిరిగి డూప్లికేట్లు తెచ్చుకున్నారట. బాబుకి బీటెక్ అయింది, ఇల్లు బ్యాంకులో పెట్టి ఎంఎస్‌కి అమెరికా పంపుతున్నారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఒరిజినల్స్ అన్నీ తమ దగ్గరే ఉంచమంటున్నారు. "ఇంట్లో పెట్టాలన్నా భయమే, వాళ్ళకివ్వాలన్నా భయమే. ఫోనా, డిజీలాకరా, పెన్ డ్రైవా, ఏది మంచిదో చెప్పండి సార్" అని అడిగారు.

అమ్మా, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. అప్లికేషన్లకి మామూలుగా స్కాన్ కాపీలు సరిపోతాయి, వీసా ఇంటర్వ్యూకి ఒరిజినల్స్ పట్టుకెళ్ళేది మీ అబ్బాయే, మధ్యలో వాళ్ళ అల్మరాలో అవి ఎందుకు ఉండాలి? నేను చూసినంతవరకు, మీరు మనసు మార్చుకుని ఇంకో చోటికి పోకుండా ఉండటానికే. అడ్మిషన్ ఇచ్చే కాలేజీలే ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది, ఇక కన్సల్టెన్సీకి ఏం హక్కుంది?

మీ భయం పెన్ డ్రైవ్ గురించి కాదని నాకు తెలుసు. ఆ నీళ్ళలో బురద పట్టిన మెమో చూసినప్పుడు, పిల్లాడి చదువే కొట్టుకుపోయినట్టు అనిపించి ఉంటుంది. పోలేదమ్మా. మార్కులు బోర్డు దగ్గర, యూనివర్సిటీ దగ్గర ఉంటాయి, కాబట్టే మీకు డూప్లికేట్లు వచ్చాయి. హాల్ టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం చేతిలో ఉంటే సగం పని అయినట్టే, స్కాన్ మొదట పనికొచ్చేది అక్కడే.

ఇక మీరడిగిన మూడింటిలో ఏ ఒక్కటీ చాలదు, మూడూ ఉండాలి. డిజీలాకర్ అంటే పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్. అందులో బోర్డు నేరుగా ఇచ్చిన మెమోకి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది, కానీ మనం ఫొటో తీసి అందులో ఎక్కించుకున్నది వట్టి కాపీనే. పైగా దాని ఓటీపీ అందులో రిజిస్టర్ చేసిన, లేదా ఆధార్‌కి లింకైన నంబరుకి వస్తుంది, అక్కడికెళ్ళాక ఇక్కడి సిమ్ రీచార్జ్ మానేస్తే తాళం చెవి పారేసుకున్నట్టే. పెన్ డ్రైవ్ ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్ళో, గుంటూరులోనో తెనాలిలోనో బంధువుల ఇంట్లో పెట్టండి. స్కానింగ్ ఫ్లాట్‌బెడ్ మీద (కాగితాన్ని అద్దం మీద పరిచి చేసే స్కానర్), కలర్‌లో, 300 డీపీఐ, వెనక వైపు కూడా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. జిరాక్స్ షాపులో చేయిస్తే వాళ్ళ కంప్యూటర్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా ఫైళ్ళు తీయించి మరీ రండి. లామినేషన్ మాత్రం వద్దు, రేపు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) కావాలంటే స్టాంపు వేయడానికి కాగితమే దొరకదు.

మీ ఉత్తరంలో చెప్పని కాగితం ఒకటుంది, ఇంటి దస్తావేజు. బ్యాంకుకి ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ చేయించి, ఏ ఏ పత్రాలు తీసుకున్నారో లిస్టు రాయించి బ్యాంకు సంతకం, ముద్ర తీసుకోండి. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశమిచ్చింది. లిస్టు లేకపోతే ఏమిచ్చారో మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది.

కొంచెం కఠినంగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఆ ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఎంఎస్ ఎందుకో బాబు నోటితో చెప్పించారా? మీ ఉత్తరంలో పక్కింటి వాళ్ళబ్బాయి వెళ్ళాడని ఉంది, మీ అబ్బాయి ఏ సబ్జెక్టు చదవాలనుకుంటున్నాడో ఒక్క మాట లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరికి తమ ఎస్‌ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసే వ్యాసంలో) ఏం రాసి ఉందో కూడా తెలియదు, అంతా కన్సల్టెన్సీయే రాసేసింది, బ్యాంకు బ్యాలెన్సు కాగితాలు కూడా వాళ్ళే 'చూసుకుంటాం' అన్నారట. అందులో ఒక్క దొంగ కాగితం బయటపడినా వీసా పోయేది మీవాడికే, వాళ్ళకి కాదు. ఉద్యోగాల సంగతి, డాలరు రేటు, నెలనెలా కట్టాల్సిన వాయిదా, ఇవన్నీ చూస్తే ఎంఎస్ అందరికీ సరిపోయే దారి అని నేను చెప్పలేను. రెండేళ్ళు ఇక్కడే ఉద్యోగం చేసి వెళ్ళినా ఆలస్యమేమీ కాదు.

ఇంకో విషయం, సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో మీకు తెలుసు, ఇరవై రెండేళ్ళ బాబుకి తెలియదు. జిరాక్స్ షాపుకి మీరే తిరుగుతున్నారు, నాకూ మీరే రాశారు. ఇంకెన్నాళ్ళమ్మా? ఈ ఆదివారం ఫైలు వాడి ముందు పెట్టండి, స్కాన్లు వాడే చేసి, పేర్లు వాడే పెట్టి, పాస్‌వర్డ్ మీకు చెప్పమనండి. ఒరిజినల్స్ జిప్ కవర్‌లో పెట్టి బీరువా పై అరలోకి మార్చండి. కన్సల్టెన్సీకి ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే రేపు ఇద్దరూ కలిసి వెళ్ళండి, అడగాల్సింది మాత్రం బాబే.