నలుగురి మాటకి తలూపేయడం పిరికితనమేనా?

"మీటింగ్‌లో నా అభిప్రాయం వేరే ఉన్నా, అందరూ ఒకటే అంటుంటే నేనూ సరే అనేస్తాను. ఇది పిరికితనమా, మెదడు తీరే అంతా?" అని ఒకరు అడిగారు. నేనూ చాలాకాలం పిరికితనమే అనుకున్నాను. ఒక ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నాక ఆ ఆలోచన మారింది.

నలుగురం మార్కులు వేస్తున్నాం. ఒకమ్మాయి ప్రతి ప్రశ్నకీ కాసేపు ఆగి, ఆలోచించుకుని జవాబు చెప్పింది. నాకది నచ్చింది. పెన్సిల్‌తో 8 వేసుకున్నాను. ఆమె బయటికి వెళ్లగానే మిగతా ముగ్గురూ వరసగా ఐదు, నాలుగు, ఐదు అన్నారు. "చురుకు లేదండీ" అన్నారొకరు. నా వంతు వచ్చేసరికి 8 చెరిపేసి 5 వేశాను. ఎవరూ ఒత్తిడి చేయలేదు. అబద్ధం చెప్తున్నానని కూడా అనిపించలేదు. ఆ రెండు నిమిషాల్లో ఆమె నిదానం నాకు నిజంగానే తడబాటులా కనిపించింది. సాయంత్రం కాగితాలు సర్దుతుంటే 5 కింద ఆ 8 గీత ఇంకా కనిపిస్తోంది. ఆమెకి ఉద్యోగం రాలేదు. నాకది ఇప్పటికీ బాధే.

భయపడి మాట మార్చడం వేరు, చూపే మారిపోవడం వేరు. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవులు పోల్చమని ఒక ప్రయోగం చేశాడు. ఒంటరిగా చెప్తే తప్పులు దాదాపు లేవు. చుట్టూ ఉన్నవాళ్లు ముందే కూడబలుక్కుని తప్పు చెప్పినప్పుడు మాత్రం సుమారు మూడో వంతు జవాబులు వాళ్ల వైపే వెళ్లాయి. తర్వాత అడిగితే, వేరుగా కనిపించడం ఇష్టంలేక అలా అన్నామని కొందరు చెప్పారు. తమ చూపులోనే లోపం ఉందేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు.

2009లో వసిలీ క్లుచారెవ్ అనే పరిశోధకుడి బృందం ఇదే విషయాన్ని మెదడు స్కానర్‌లో చూసింది. ముఖాల అందానికి మార్కులు వేయించి, వెంటనే మిగతావాళ్లు ఎంత వేశారో చూపించారు. తమ మార్కుకీ వాళ్ల మార్కుకీ తేడా కనిపిస్తే, మెదడులో పొరపాట్లకి స్పందించే సింగ్యులేట్ అనే భాగంలో చురుకు పెరిగింది. బహుమతికి స్పందించే వెంట్రల్ స్ట్రయాటమ్ అనే భాగంలో తగ్గింది. ఆ మార్పు బలంగా ఉన్నచోట, మళ్లీ మార్కులు వేయమన్నప్పుడు గుంపు వైపు జరిగారు. అనుకున్న బహుమతి రానప్పుడు మెదడు తన అంచనాని దిద్దుకుంటుంది కదా, నలుగురితో పొసగనప్పుడూ దాదాపు అదే పని చేస్తుందన్నమాట. అందుకే లొంగిపోయినట్టు ఉండదు, తప్పు సరిచేసుకున్నట్టు ఉంటుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

అలాగని "మెదడే చేయించింది" అని వదిలేయకండి. ఆష్ ప్రయోగంలో సుమారు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా గుంపు మాట అనలేదు.

ఇప్పుడు నేను ఎవరి మాటా వినకముందే మార్కు పెన్నుతో వేస్తాను, పక్కన కారణం ఒక ముక్క రాస్తాను. మనసు మారితే మార్చుకుంటాను, కానీ కొత్తగా ఏం తెలిసి మారిందో కూడా రాయాలి. "అందరూ అన్నారు" అని రాయడానికి చెయ్యి రాదు.

ఆష్ గమనించింది ఇంకొకటుంది: పక్కన నిజం చెప్పేవాడు ఒక్కడున్నా చాలు, తలూపడం బాగా తగ్గిపోయింది. మొన్నొక ప్యానెల్‌లో ఇద్దరు నాలుగేసి అన్నాక నేను ఏడు అని, కారణం చదివాను. పక్కనున్నావిడ తన కాగితం నావైపు తిప్పి చూపించారు. అందులోనూ ఏడే ఉంది.