ఐసీయూ థీసిస్ మొదలుపెట్టబోయే మా అమ్మడికి

అమ్మడూ,

ఐసీయూలో ఎవరు వారాల తరబడి ఉండిపోతారో ముందే చెప్పే స్కోరు ఒకటి నీ డీఎం థీసిస్‌గా చేస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పగానే పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. సర్వీసంతా ఐసీయూ సిస్టర్‌గా చేసినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను. చాదస్తం అనుకున్నా సరే, పూర్తిగా చదువు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకో. స్టాటిస్టీషియన్‌ని ఆఖర్న కాదు, మొదట్లోనే కలువు. గైడ్‌తో వాదన పెట్టుకోకు, నీ నోరు నాకు తెలుసు.

జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి మొదటి రోజు వేసే అపాచీ స్కోరునే నమ్ముకోకు. ఆ 24 గంటల అంకెల పట్టు రోజులు గడిచేకొద్దీ సడలిపోతుంది. 2016లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల నుంచి వచ్చిన అధ్యయనం నువ్వూ చదివే ఉంటావు. పది లక్షలకు పైగా రోగుల్ని చూస్తే, సుమారు పదో రోజు దాటాక, రోగి దక్కుతాడా లేదా అన్నది ఏ జబ్బుతో ఎంత సీరియస్‌గా చేరాడన్నదాని కంటే అంతకుముందు మనిషి ఎలా ఉండేవాడన్నదే ఎక్కువ చెప్పింది. అలా ఉండిపోయినవాళ్ళు నూటికి ఐదుగురే, బెడ్లు వాడిన రోజుల్లో మాత్రం మూడో వంతు వాళ్ళవే. అందుకని షుగరు, బీపీ అని రాసుకుని వదిలేయకు. తన స్నానం తనే చేసేవాడా, బజారుకి నడిచి వెళ్ళేవాడా అని ఇంట్లోవాళ్ళని అడుగు.

అసలు సంగతికొస్తాను. మా యూనిట్లో నీలాగే ఒక పీజీ కుర్రాడు ఇలాంటి థీసిసే చేశాడు. చురుకైనవాడే, రాత్రిళ్ళు మా రిజిస్టర్లు ముందేసుకుని కూర్చునేవాడు. బాగా సీరియస్‌గా వచ్చినవాళ్ళలో చాలామంది ఐదారు రోజుల్లో ఇంటికెళ్ళిపోయారని లెక్క తేల్చాడు. పెద్ద డాక్టరుగారు కూడా భేష్ అన్నారు. ఆ డిశ్చార్జిలు ఎలా జరిగాయో ఇద్దరిలో ఒక్కరూ మమ్మల్ని అడగలేదు. ఉన్న ఎకరం తాకట్టు పెట్టి, చెవి కమ్మలు అమ్మి, ఇంకెక్కడా అప్పు పుట్టక, సంతకం చేసి తీసుకుపోయేవాళ్ళమ్మా. నోట్లో ట్యూబు అలాగే ఉండేది. ఒక పెద్దాయన్ని అంబులెన్సు ఎక్కించేటప్పుడు వాళ్ళబ్బాయికి చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కడం నేనే నేర్పాను. "నువ్వు గాలి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కు నాయనా, కంగారుపడకు" అన్నాను. రిజిస్టర్లో ఆయన పేరు పక్కన పెన్సిల్‌తో "లామా" అని ఉంది, అంటే డాక్టర్లు వద్దన్నా వెళ్ళిపోయారని, కాలమ్‌లో మాత్రం డిశ్చార్జి అని. కుర్రాడు కాలమ్ ఒక్కటే ఎక్కించుకున్నాడు. చేతిలో డబ్బు అయిపోయిన రోజు అతని లెక్కలో జబ్బు నయమైన రోజు అయింది.

కాబట్టి రోగి వివరాలు రాసుకునే నీ ప్రొఫార్మాలో ఐసీయూ నుంచి బయటికెళ్ళే నాలుగు దారులూ విడివిడిగా పెట్టు: వార్డుకి మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, వేరే ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు, సంతకం చేసి వెళ్ళినవాళ్ళు. మూడో రోజు చనిపోయినవాడిని "తక్కువ రోజులున్నాడు" అని బాగుపడ్డవాళ్ళతో కలిపేయకు. ఇలా ఒకటి జరిగితే ఇంకోటి జరగని వాటిని విడివిడిగా లెక్కగట్టే కాంపిటింగ్ రిస్క్ అని ఏదో పద్ధతి ఉందిగా, అది నాకంటే నీకే బాగా తెలుసు.

పైదేశాల స్కోర్లతో ఇంకో చిక్కుంది. వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు ఏడాదిలో పోయే ప్రమాదం ఎంతో చెప్పే ప్రోవెంట్ స్కోరు వయసు, ప్లేట్‌లెట్లు, బీపీ నిలబెట్టే మందులు, డయాలసిస్ చూస్తుంది. మనకేమో పురుగుమందు తాగిన పిల్లలొస్తారు. మర్నాటికి కళ్ళు తెరిచి మాట్లాడుతుంటే గండం గడిచిందని ఇంట్లోవాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. నేను మాత్రం పూటపూటకీ వెళ్ళి "తలగడ మీంచి తల పైకెత్తు నాన్నా" అనేదాన్ని. ఎత్తలేకపోయాడా, వెంటనే డాక్టరుకి ఫోను. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యే మెడ, ఊపిరి కండరాలు పడిపోయేది. ఆపైన వెంటిలేటర్ మీద ఒక్కోసారి వారాలే. అయినా వాళ్ళలో ఎంతోమంది తమ కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్ళడం చూశాను. ఎక్కువ రోజులు పట్టడం వేరు, దక్కకపోవడం వేరు. నీ స్కోరు ఈ రెండింటినీ కలిపేసిందనుకో, ఆ కాగితం పట్టుకుని ఎవరో ఒక తండ్రితో "లాభం లేదు, తీసుకెళ్ళండి" అంటారు. ఆయన తీసుకెళ్తాడు. పిల్లాడు పోతాడు. స్కోరు కరెక్టే అని మీరంతా అనుకుంటారు. నాకు నిద్రపట్టనిది దీనికే తల్లీ. ఎన్నాళ్ళు పడుతుందో ముందే తెలిస్తే డబ్బు సర్దుకోమని చెప్పు, గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టే ట్రాకియాస్టమీ గురించి నిదానంగా మాట్లాడు, ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టించు.

డ్యూటీలో పడి తిండి మానేస్తున్నావని మీ అమ్మ బాధపడుతోంది. సున్నుండలు పంపిస్తున్నాను, రూమ్మేట్లకి పంచేసి నువ్వు మ్యాగీ తింటే ఊరుకోను. ప్రొఫార్మా వాట్సాప్‌లో పెట్టు, అక్షరాలు కాస్త పెద్దవిగా. సంతకం చేసి వెళ్ళినవాళ్ళ ఫోన్ నంబరుకి కాలమ్ లేకపోతే తిప్పి పంపేస్తాను.

మీ పిన్ని