బక్‌వీట్ రోజూ తినొచ్చా? ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

రోజూ తినొచ్చు. ఉత్తరాదిన కుట్టు అని పిలిచే ఈ గింజల్ని నేను రెండేళ్లుగా వారానికి నాలుగైదు రోజులు తింటున్నాను. జాగ్రత్తల సంగతి మాత్రం మా బావగారి పుణ్యమా అని తెలిసింది, ముందు అదే చెబుతాను.

ఆయనకు గోధుమ పడదు. అక్కా, ఆయనా వచ్చిన రోజు రాత్రి వంట నేనే చేశాను. ఒక వంతు గింజలకు రెండు వంతుల నీళ్లు పోసి ఉడికించి, వేయించిన ఉల్లిపాయలు కలిపాను. "పేరులో వీట్ ఉందేమిటోయ్?" అని ఆయన గిన్నెలోకి అనుమానంగా చూశారు. "పేరొక్కటే బావగారూ! దీనికీ గోధుమకీ చుట్టరికమే లేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఇందులో ఉండదు, ధైర్యంగా తినండి" అన్నాను, ఏదో నేనే పండించినట్టు.

నాలుగు చెంచాలు తిన్నారో లేదో నాలుక దురదగా ఉందన్నారు. మిరియం తగిలిందేమో అనుకున్నాం. పది నిమిషాల్లో కింది పెదవి ఉబ్బిపోయింది, మెడ మీద దద్దుర్లు, గొంతు బొంగురు. అక్క మంచినీళ్లు తాగించబోతుంటే ఆపి, ఆయన్ను కారెక్కించాను. ఆసుపత్రిలో వెళ్లీ వెళ్లగానే తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రంతా అక్కడే. తర్వాత అలర్జీ పరీక్షలో బక్‌వీటే అని తేలింది.

"నా జన్మలో ఎప్పుడూ తినలేదే" అంటారు ఆయన. డాక్టరేమో దిండు గురించి అడిగారు! మెడనొప్పికి మంచిదని ఎవరో చెబితే, ఏడాదిగా బావగారు బక్‌వీట్ పొట్టు నింపిన దిండు మీద పడుకుంటున్నారు. పొద్దున లేవగానే వరసగా ఏడెనిమిది తుమ్ములు. జలుబు శరీరం అనుకునేవాళ్లం. ఆ పొట్టు దుమ్ము పీల్చినా అలర్జీ మొదలవ్వొచ్చని డాక్టరు అన్నారు. నాకైతే అనుమానమే లేదు, ఆ దిండే. పారేశాక తుమ్ములు ఆగిపోయాయి, ఇంకేం కావాలి?

కాబట్టి ఆస్తమా, పాత అలర్జీలు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. తిన్నాక పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యాలతో టైమ్ వేస్ట్ చేయొద్దు. "సహజమైనది, ఏమీ కాదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అలర్జీకి సహజం, కృత్రిమం అన్న తేడా ఏమిటి?

ఇక లాభాలు. 100 గ్రాముల పచ్చి గింజల్లో దాదాపు 13 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల పీచు, 230 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. బియ్యం, గోధుమల్లో తక్కువగా ఉండే లైసిన్ (ప్రొటీన్‌లో భాగమైన ఒక అమైనో ఆమ్లం) ఇందులో బాగానే ఉంటుంది. అయితే పిండిపదార్థం కూడా 70 గ్రాములు ఉంటుంది! "షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అని నమ్మి, మొదట్లో గిన్నె నిండా లాగించేవాణ్ణి. ఓ రోజు రెండు గంటల తర్వాత షుగర్ మీటర్ 214 చూపించింది. ఇప్పుడు ఉడికింది ముప్పావు కప్పు కొలుచుకుని, కూరగాయలు ఎక్కువ పెట్టుకుంటున్నాను. పీచు అలవాటు లేని కడుపైతే మొదట్లో గ్యాస్ వస్తుంది, మెల్లగా పెంచండి.

అన్నట్టు, ఈ ప్యాకెట్ల సంగతి. ముందు వైపు పెద్ద అక్షరాలతో బక్‌వీట్ నూడుల్స్ అని ఉంటుంది. వెనక్కి తిప్పి కళ్లు చికిలించి చూస్తే, మొదటి పదార్థమే గోధుమ పిండి! సీలియాక్, అంటే గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్లకు అది విషంతో సమానం. పిండి కొన్నా అంతే, గోధుమ ఆడించిన మిల్లులోనే దీన్నీ ఆడిస్తే కలిసిపోతుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నదే తీసుకోండి. బక్‌వీట్ మొలకల ఆకులు, పూలు గ్లాసుల కొద్దీ జ్యూస్ చేసుకుని తాగే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. వాటిలో ఫాగోపైరిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే ఎండ తగిలినప్పుడు చర్మం మండుతుంది. గింజల్లో అది చాలా తక్కువ.

నేను మానలేదు. గిన్నె, గరిటె మాత్రం విడిగా పెట్టుకున్నాను, బావగారు వచ్చే రోజు వండను. అయినా ఆయన మా ఇంట్లో ప్రతి మూతా తీసి చూశాకే పీట మీద కూర్చుంటారు.