చలికాలం షికార్లు, 31,000 కార్డు బాకీ, ఒక పాత కారు బేరం

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 58,000 చేతికొస్తుంది. మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, దాని మీద 12,000. పిల్లలిద్దరు, అమ్మ మాతోనే ఉంటుంది. ఇంటి ఖర్చులన్నీ పోగా 10,500 మిగులుతుంది. అందులో 5,000 సిప్‌కి (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే మదుపు), 1,600 క్రెడిట్ కార్డుకి వెళ్తాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) 90,000 ఉంది. కార్తీకం వచ్చిందంటే ప్రతి ఆదివారం ఎవరో ఒకరు బయల్దేరదీస్తారు. గోపాలపూర్, తప్తపాణి, రంభ, దారింగ్‌బాడి... కిందటి చలికాలం కార్డు మీదే తిరిగాం, ఇంకా 31,000 బాకీ. దారింగ్‌బాడికి డ్రైవరుతో బండి రోజుకు 5,500, రెండు రోజులకైతే 8,000 అడుగుతున్నారు. అద్దెలకు పోసే బదులు 3,80,000కి సెకండ్‌హ్యాండ్ కారు చూశాను. ఎఫ్‌డీ తీసి 80,000 కట్టి, మిగతాది లోను పెట్టి, సిప్ ఆపి ఈఎంఐ కడదామని ఉంది. దసరా బోనస్ 12,000 అలాగే ఉంచాను. కొనమంటారా?

జవాబు: ఈ ఏడాదికి కారు మాట పక్కన పెట్టండి. సిప్ మాత్రం మూడు నెలలు ఆపండి. ఆ డబ్బు కార్డు బాకీకి వెళ్లాలి.

ముందు కార్డు సంగతి. మన దగ్గర చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 31,000 మీద వడ్డీ 1,085, జీఎస్టీ 195, కలిపి 1,280. అంటే మీరు కట్టే 1,600లో అసలుకు చేరేది 320 మాత్రమే. ఏడాదిగా కడుతున్నా బాకీ కదలకపోవడానికి కారణం ఇదే. ఇంకొకటి చాలామందికి తెలియదు: పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. నలభై యాభై రోజుల గడువు పాత బాకీ లేనివాళ్లకే. ఇప్పుడు మీరు ఆ కార్డు మీద గది బుక్ చేస్తే, గదిలో దిగకముందే వడ్డీ మొదలవుతుంది.

ఎఫ్‌డీని రద్దు చేయకండి. దాని మీదే లోను తీసుకోండి. బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం కలిపి ఇస్తాయి. 8.5 శాతం అనుకుంటే 31,000 మీద మొదటి నెల వడ్డీ 220. ఆ డబ్బుతో కార్డు ఒక్కసారే తీర్చేయండి. తర్వాత నెలకు 10,500 చొప్పున మూడు నెలలు, మొత్తం 31,500 కడితే లోను వడ్డీతో సహా తీరిపోతుంది. సిప్ ఆపమన్నది ఈ మూడు నెలలకే. మామూలుగా ఆ మాట నా నోట రాదు. కానీ ఏడాదికి 42 శాతం తినేసే బాకీని పెట్టుకుని ఇంకోచోట మదుపు చేయడంలో అర్థం లేదు. రద్దు నొక్కకుండా ‘పాజ్’ అనే వీలుంటే అదే వాడండి.

కార్డు మొత్తం కట్టేశాక వచ్చే బిల్లులోనూ కొంత వడ్డీ కనిపిస్తుంది. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకు లెక్క అది. ‘అంతా కట్టేశాను కదా’ అని వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము పడుతుంది. అదీ తీర్చి, పూర్తి బకాయి మీద ఆటోపే పెట్టండి. ఆటోపే పెట్టేటప్పుడు తెర మీద ముందే ‘మినిమం’ ఎంపిక చేసి ఉండొచ్చు, చూసి మార్చుకోండి.

ఇక కారు. పాత కార్ల లోనుకు వడ్డీ కొత్త వాటికంటే ఎక్కువ. 13 శాతం చొప్పున 3,00,000, నాలుగేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 8,050 దాకా వస్తుంది. ఏడాదికి 96,600. బీమా 10,000, సర్వీసు, రిపేర్లు 12,000 వేసుకుందాం. పెట్రోలు పోయకముందే 1,18,600. రోజుకు 5,500 లెక్కన ఇది డ్రైవరుతో 21 రోజుల అద్దె, అందులో ఇంధనం కూడా కలిసే ఉంటుంది. మీ షికార్లలో నిజంగా కారు కావాల్సినవి ఏడాదికి నాలుగైదు. గోపాలపూర్ 16 కిలోమీటర్లు, దానికి కారెందుకు? పైగా మిగులు 10,500లో ఈఎంఐ పోతే 2,450, కార్డుకు 1,600 కడితే 850. బీమాకు, సర్వీసుకు నెలకు 1,830 పక్కన పెట్టాలి. ఎక్కడి నుంచి? మళ్లీ కార్డు నుంచే. మీ ఎఫ్‌డీలో 80,000 పోతే మిగిలేది 10,000. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంచితే అది చాలదు.

షికార్లు మానమని నేను చెప్పను. కొండా సముద్రమూ ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఉంటూ, చలికాలంలో ఇంట్లో కూర్చోమని చెప్పడానికి సలహాదారు అక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఏటా వస్తుందని తెలిసిన ఖర్చును ప్రతిసారీ అనుకోకుండా వచ్చినట్టు కార్డు మీద పెడుతున్నారు.

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు దాదాపు 14 ఆదివారాలు. అయిదు ఇంట్లోనే గడుస్తాయి: పెళ్లిళ్లు, పరీక్షలు, జలుబులు. అయిదు దగ్గరివి, గోపాలపూర్ తీరం, తారాతారిణి కొండ వంటివి. బస్సులోనో ఆటోలోనో వెళ్లి చిరుతిళ్లతో 700 చొప్పున 3,500. మూడు మధ్యరకం: తప్తపాణి 50 కిలోమీటర్లు, రంభ కూడా దాదాపు అంతే, ఇంకొకటి వనభోజనం. ఒక్కోదానికి 2,000, మొత్తం 6,000. ఒకటి పెద్దది, దారింగ్‌బాడిలో ఒక రాత్రి. బండి 8,000, రెండు గదులు 4,000, భోజనాలు 2,500, కలిపి 14,500. అంతా కలిసి 24,000.

ఈ చలికాలం ఆ పెద్దదాన్ని వదిలేయండి. మిగిలిన 9,500కి బోనస్ ఉంది. పైన మిగిలే 2,500 కార్డు వాళ్ల ఆఖరి వడ్డీకి, చిల్లర ఖర్చులకు. బోనస్‌ను వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతా నుంచే యూపీఐ చేయండి. అది అయిపోయిందంటే ఈ ఏటికి షికార్లు అయిపోయినట్టే.

వచ్చే ఏటి కోసం ఫిబ్రవరి నుంచి నెలకు 2,700 రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ), తొమ్మిది నెలలకు. 24,300 అసలు, 6.5 శాతమైతే ఇంకో 650 వడ్డీ, నవంబరు మొదట్లో చేతికొస్తుంది. గడువు విషయంలో జాగ్రత్త. అలవాటుగా 12 నెలలు పెట్టేస్తే డబ్బు ఫిబ్రవరిలో వస్తుంది, అప్పటికి చలి వెళ్లిపోతుంది. మీ బ్యాంకు ఏడాదికి తక్కువ ఒప్పుకోకపోతే వేరే బ్యాంకులో తెరవండి. పోస్టాఫీసు ఆర్డీ దీనికి పనికిరాదు. అది అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా తీయనివ్వరు. మిగులులో 5,000 మళ్లీ సిప్‌కి, 2,700 దీనికి, మిగతా 2,800 ఎఫ్‌డీని పెంచడానికి.

వనభోజనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒడియా వాళ్లు భోజి అంటారు, మనం వనభోజనం అంటాం. ఏ పేరున జరిగినా కార్డు బిల్లు పెరిగేది అక్కడే అని నా అనుమానం. నాలుగు కుటుంబాలు, 18 మంది అనుకోండి. చికెన్ మూడున్నర కిలోలు 770, బియ్యం రెండున్నర కిలోలు 130, పప్పు, టమాటా, కూరగాయలు 400, నూనె, మసాలాలు 350, ఆకు విస్తళ్లు, నీళ్ల క్యాన్లు 150, పొయ్యి ఖర్చు 150. మొత్తం 1,950, ఇంటికి 490. అదే మూడు కిలోల మటన్ అయితే 3,580, ఇంటికి దాదాపు 900. తేడా అంతా మాంసంలోనే ఉంది, కాబట్టి ఆ మాట ముందే తేల్చుకోండి. చెడేది మాత్రం ఇంకోచోట. అన్నీ ఒకాయన కొంటాడు, ‘తర్వాత చూసుకుందాం’ అంటారు, ఆ తర్వాత నలుగురిలో ఇద్దరు మరిచిపోతారు, అడగడానికి ఆయనకు మొహమాటం. మీ బాకీలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో కిందటేటి బిల్లులు తీసి చూడండి. శుక్రవారం సాయంత్రానికి ఇంటికి 500 యూపీఐ చేసినవాళ్లకే వంట అని చెప్పేయండి. మిగిలితే తిరిగి ఇవ్వండి.

అద్దె బండి మాట్లాడేటప్పుడు ‘రోజుకు ఎంత’ అని ఒక్కమాట అడిగి ఊరుకుంటే నష్టపోతారు. ఎన్ని కిలోమీటర్ల వరకు ఆ రేటు, దాటితే కిలోమీటరుకు ఎంత, లెక్క మీ గుమ్మం నుంచా వాళ్ల షెడ్డు నుంచా, డ్రైవరు బత్తా, రాత్రి మకాం, టోలు, పార్కింగు అందులోనేనా, ఘాట్‌లో ఏసీ వేస్తాడా. ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. దారింగ్‌బాడి సుమారు 120 కిలోమీటర్లు. రానూపోనూ, అక్కడ తిరిగేదీ కలిపితే 250 కిలోమీటర్లు సులువుగా దాటుతుంది. తెల్ల నంబరు ప్లేటు బండి వెయ్యి తక్కువకు వస్తానంటే ఎక్కకండి. సొంత వాడకానికి బీమా చేసిన బండి అద్దెకు తిరుగుతూ ప్రమాదానికి గురైతే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అన్నట్టు, హైవే టోళ్లకు కొనే ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత బండ్లకే. మీకు అవసరం లేదు.

దారింగ్‌బాడి వెళ్లేది డిసెంబరు 25 నుంచి జనవరి 1 మధ్య మాత్రం వద్దు, గది రేటు మీ చేతుల్లో ఉండదు. జనవరి ఆఖరు వారాల్లోనూ కొండ మీద చలి బాగానే ఉంటుంది. బిల్లులో జీఎస్టీ చూడండి. రోజుకు 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే.

గోపాలపూర్‌లో అలల లాగుడు ఎక్కువ, స్నానానికి దిగేవాళ్లకు ప్రమాదం. మీ ఇద్దరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా లేకపోతే బ్యాంకులో చెప్పి పెట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి 2,00,000. 70 ఏళ్ల లోపు అయితే అమ్మగారికీ తీసుకోవచ్చు.

కార్డు తీరి, ఎఫ్‌డీ 2,00,000 దాటాక, ఆదివారాలే కాక మామూలు రోజుల్లోనూ వాడే అవసరం ఉంటే కారు సంగతి మళ్లీ చూడండి. అప్పుడు ఇచ్ఛాపురం, పలాస వైపు ఏపీ నంబరు కార్లు చవకగా కనిపిస్తాయి. బేరంలో ఒడిశా రోడ్డు టాక్సు కలపడం మరవకండి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పాత లోను ఉంటే అది తీరినట్టు బ్యాంకు కాగితం ముందు కావాలి, డబ్బు తర్వాత. తీరం దగ్గర తిరిగిన బండిని జాకీ మీద లేపించి అడుగుభాగం, తలుపుల కింది అంచులు చూడండి. ఉప్పు గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది, పైన కొత్త రంగు వేస్తే కనబడదు. కొన్న 14 రోజుల్లో బీమా మీ పేరుకు మార్చండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరే కట్టుకోవాలి.